కుడిచెయ్యి ఇవ్వని దొంగ

నవ్వనంటేనే చెప్తాను. మధ్యలో పకపకలాడితే అక్కడే ఆపేసి లేచిపోతాను, ఆనక నన్ననకండి.

బొడ్డపాలెంలో ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. పెద్దోడు గవరయ్య, నడిపోడు నూకరాజు, చిన్నోడు పైడయ్య. తెలివంటే తమదేనని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఎంత గట్టిదంటే, ఇంటికి తాళం వేసి, చెవి ఆ తాళానికే ఉంచేసి పొలం వెళ్ళేవారు. "దొంగన్నవాడు చూరులోనూ చాప కిందా వెతుకుతాడు గానీ, ఎదురుగా ఉన్నదాన్ని చూస్తాడేటి?" అని గవరయ్య అనేవాడు. "ఎంత ఆలోచన అన్నయ్యా!" అని తమ్ముళ్ళిద్దరూ మురిసిపోయేవారు. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని పరిగెత్తుకొచ్చేవారు. ఇంత తెలివి ఒక్క ఇంట్లోనే పోగుపడితే మిగతా ఊరి సంగతేంటని పైడయ్య అప్పుడప్పుడు దిగులు కూడా పడేవాడు.

గవరయ్య పెళ్ళాం దేముడమ్మకి అలాంటి గొప్పలేం లేవు. ఆవిడకి ఉన్నదల్లా ఒక గేదె. పేరు సుక్కి. నుదుటి మీద తెల్లటి మచ్చ. పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే, దేముడమ్మ గుడ్డముక్క పాలల్లో ముంచి నోట్లో పెట్టి పెంచింది. ఇప్పుడది పూటకి మూడు శేర్లు ఇస్తోంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పాలు పోసి తెచ్చుకున్న దాంతోనే. అన్నదమ్ములు పొలం వెళ్ళేవారని చెప్పాను గానీ, వెళ్ళి ఏం చేసేవారో అడక్కండి.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళలో గేదెలు మాయమైపోవడం మొదలైంది. పట్టపగలే! పలుపు విప్పడం, తోలుకుపోవడం, అంతే. దేముడమ్మకి గుండెల్లో రాయి పడింది.

"ఒక కుక్కని పెంచుదామయ్యా," అంది మొగుడితో.

"కుక్కెందుకే? మేం ముగ్గురం లేమా?"

"ఉన్నారు. కుక్కయితే మొరుగుతుంది."

"ఓస్, అంతేనా?" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! ఆ సాయంత్రం నుంచి ముగ్గురూ అరుగు మీద కూర్చుని మొరగడం మొదలెట్టారు. గవరయ్య భౌ అంటే, నూకరాజు భౌ భౌ, పైడయ్యకి గొంతు సన్నం కాబట్టి కుయ్యి కుయ్యి. మూడు వీధుల కుక్కలు పరుగున వచ్చి గుమ్మం ముందు నిలబడి, కాసేపు చూసి, తోక ముడుచుకుని వెళ్ళిపోయాయి. కుక్కలకైనా సిగ్గుంటుంది కదండీ.

ఆ మొరుగుడు విని దారినపోయే ఒకాయన ఆగాడు. నల్ల లాగూ, నల్ల చొక్కా, నడుముకి ఎర్ర పట్టీ. డ్రాగన్ దానయ్య అంట పేరు. పట్నంలో కుంగ్‌ఫూ నేర్పుతాడట. "మొరిగితే దొంగ పోతాడా? కీళ్ళ పట్లు నేర్చుకోండి. చైనావాళ్ళ పాత విద్య. మణికట్టు, మోచెయ్యి, భుజం... ఎక్కడ కీలుందో అక్కడ పట్టు. పట్టి తిప్పితే ఏనుగంత వాడైనా నేలమీద పడాల్సిందే. పన్నెండు పట్లు, నలభై రోజులు. డబ్బులొద్దు, పూటకి శేరు పాలు చాలు," అన్నాడు.

పాలు సుక్కివి, పితికేది దేముడమ్మ, తాగేది దానయ్య. తెలివైన బేరం కుదిరిందని అన్నదమ్ములు చంకలు గుద్దుకున్నారు.

మొదటి పాఠం పెరట్లో, సుక్కి ఎదుటే జరిగింది. దానయ్య చేతిలో బొమ్మల పుస్తకం. "వినండి. శత్రువు కుడిచెయ్యి చాపి మీ కాలరు పట్టుకుంటాడు. మీరు ఎడంచేత్తో వాడి మణికట్టు పట్టుకుని, కుడిచేత్తో మోచెయ్యి ఎత్తి, బయటికి తిప్పుతారు. వాడు వెనక్కి పడతాడు. పడి, నొప్పికి తట్టుకోలేక రెండుసార్లు నేలని తడతాడు. తట్టగానే వదిలెయ్యాలి. తట్టినా వదలనివాడు మనిషే కాడు. తెలిసిందా?"

"తెలిసింది మాస్టారూ!" అన్నారు ముగ్గురూ.

పైడయ్య శత్రువు. గవరయ్య మణికట్టు మీద ఇలా వేళ్ళు ఆనించాడో లేదో, పైడయ్య "అమ్మో!" అని మూడు బారల దూరం ఎగిరి పడ్డాడు. పడి నేలని టపటప తట్టాడు. దానయ్య భళా అన్నాడు. మూడోరోజుకి పైడయ్య ఎంత ఆరితేరాడంటే, గవరయ్య వీధి మలుపులో కనపడగానే ఇంట్లో పడిపోయేవాడు.

పాలు పితుకుతూ దేముడమ్మ ఇదంతా చూసింది. "మరిది తనంతట తనే పడిపోతున్నాడు కదా బాబూ?" అని అడిగింది.

"అదే అమ్మా ఈ విద్యలో గొప్ప," అన్నాడు దానయ్య పాలు తాగుతూ.

"నిజం దొంగ చెయ్యి లాగేసుకుంటేనో?"

"లాక్కోడు."

"ఎందుకు లాక్కోడు?"

దానయ్య పుస్తకం తెరిచాడు. "చూడమ్మా. ఆరో బొమ్మలో కాలరు పట్టుకుని ఉన్నాడు. ఏడో బొమ్మలో నేలమీద ఉన్నాడు. మధ్యలో లాక్కున్న బొమ్మ ఎక్కడైనా ఉందా?"

"ఆరుకీ ఏడుకీ మధ్య ఏటి జరిగిందో మరి?"

"అమ్మా, ఆడవాళ్ళకి ఇవి అర్థం కావు. ఇంకో చెంబు పొయ్యండి."

"ఇద్దరొస్తేనో?"

"ఒకడు పడ్డాక రెండోవాడు వస్తాడు. వరుసలో వస్తారు."

దేముడమ్మ చెంబు నేలకేసి కొట్టినంత పని చేసి లోపలికి వెళ్ళిపోయింది. "మీ వదినకి ఓర్వలేనితనం," అన్నాడు గవరయ్య తమ్ముళ్ళతో. నలభయ్యో రోజున దానయ్య రెండు బుగ్గలూ నిండి, ముగ్గురి నడుములకీ ఎర్ర పట్టీలు కట్టి, మీకిక ఎదురు లేదని చెప్పి బస్సెక్కాడు.

ఎదురు లేకపోవడమంటే ఏంటో ఊరికి మర్నాడే తెలిసింది. పక్కింటి ముసలాయన సన్నిబాబు, పాపం, కాకరకాయలు కాశాయని నాలుగు తెచ్చి, "ఇంద గవరయ్యా," అని కుడిచెయ్యి చాపాడు. అంతే! గవరయ్య మణికట్టు పట్టాడు, నూకరాజు మోచెయ్యి ఎత్తాడు, కాకరకాయలు వీధిలో దొర్లాయి. ముసలాయన నేలని తట్టలేదు. ఆయనకి ఆ సంగతి తెలియదు కదా! వీళ్ళేమో తడితే గానీ వదలరు. చివరికి ఆయన భార్య వచ్చి చీపురుకట్టతో గవరయ్య వీపు రెండుసార్లు తడితే, "ఆఁ, తట్టారు," అని వదిలారు. అప్పట్నుంచి ఆ అన్నదమ్ముల ఇంటికి ఎవరొచ్చినా రెండు చేతులూ వెనక్కి పెట్టుకునే మాట్లాడేవారు.

ఆ కబురు పశువుల కాంపౌండరు చెవిన పడలేదు. సుక్కికి గాలికుంటు రాకుండా సూది వేద్దామని వచ్చాడు. సూది కుడిచేతిలో ఉంది, చెయ్యి ముందుకొచ్చింది. ఇంకేముంది! నూకరాజు పట్టేశాడు. బయటికి తిప్పబోయి లోపలికి తిప్పాడు. సూది వచ్చి తన తొడలోనే దిగింది. నూకరాజు రెండురోజులు కుంటుతూ తిరిగాడు గానీ, నిజం చెప్పాలి, ఆ ఏడు వాడికి గాలికుంటు రాలేదు. ఆ కాంపౌండరు మాత్రం మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

"చూశావా!" అన్నాడు గవరయ్య పెళ్ళాంతో. "సూదినే పట్టాం. దొంగని పట్టలేమా?"

"నా సుక్కి ఏమైపోతుందో," అంది దేముడమ్మ. ఆవిడకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

అన్నదమ్ములు మాత్రం సుక్కిని కాపలా కాయడం మొదలెట్టారు. కాలరు లేకపోతే శత్రువు పాపం ఏం పట్టుకుంటాడని, ముగ్గురూ కొత్త చొక్కాలు కుట్టించుకున్నారు. ఎవరి చేతికైనా అందేలా చేటంత కాలర్లు.

ఒకనాడు మధ్యాహ్నం దేముడమ్మ గడ్డికి వెళ్ళింది. వచ్చాడండీ జోగులు. సంతలో గేదెల బేరాలు చేసేవాడు. వాడమ్మేవాటిలో కొన్నవి కొన్ని, కొట్టేసినవి కొన్ని. నేరుగా పెరట్లోకి వచ్చి, ఎడంచేత్తో పలుపు విప్పాడు. ముగ్గురూ ఎదురుగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళని చూసి జోగులు ఒక అడుగు వెనక్కి వేశాడు. పారిపోదామా అనుకుంటే, ఎవరూ కదలరే!

"ఆగు," అన్నాడు గవరయ్య. "నువ్వు దొంగవేనా?"

"అబ్బే, కాదు బాబూ!"

"కాకపోతే వెళ్ళు. మాకు దొంగ కావాలి."

జోగులు తల గోక్కున్నాడు. వీళ్ళ సంగతేంటో చూద్దామని, "అయితే దొంగనే," అన్నాడు.

"అలా చెప్పు! రా, వచ్చి కాలరు పట్టుకో."

జోగులు వచ్చి ఎడంచేత్తో పట్టుకున్నాడు.

"అది కాదు. కుడిచెయ్యి."

"నాది ఎడంచేతివాటం బాబూ. చిన్నప్పుడు మా అమ్మ ఎన్ని వాతలు పెట్టినా మారలేదు."

"అయ్యో పాపం," అన్నాడు నూకరాజు. "ఈ ఒక్కసారికీ కుడిచెయ్యి ఇయ్యి బాబూ. మాకు ఎడంచెయ్యి రాదు."

సరేనని పలుపు ఎడంచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి ఇచ్చాడు. గవరయ్య మణికట్టు పట్టాడు. మోచెయ్యి ఎత్తాడు. తిప్పాడు. గేదెల్ని తోలి తోలి మొద్దుబారిన చెయ్యి అది, అంగుళం కదల్లేదు. పైగా చక్కిలిగింతలు పుట్టి జోగులు కిలకిలా నవ్వాడు.

"పడవేం?" అని కసిరాడు గవరయ్య.

"ఎటు పడాలి బాబూ?"

"వెనక్కి."

"వెనక పేడుంది. నా పంచె తెల్లది. చూడండి మీరే."

చూశారు. నిజమే, పేడుంది. ఇంకేముంది! నూకరాజు చీపురు తెచ్చాడు, గవరయ్య తట్ట తెచ్చాడు. ఇద్దరూ కలిసి పేడ ఎత్తి, నీళ్ళు చల్లి, గడ్డి పరిచారు. తలకి దెబ్బ తగలకూడదని పైడయ్య లోపలికి పరిగెత్తి తలగడ తెచ్చాడు. అన్నీ సిద్ధం చేసి తలెత్తి చూస్తే, దొంగ లేడు, గేదె లేదు.

"మనల్ని చూసి భయపడి పారిపోయాడు," అన్నాడు పైడయ్య తలగడ పట్టుకుని.

"గేదెని కూడా భయపెట్టేశామేమో," అన్నాడు నూకరాజు.

వీధి మొగలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని దేముడమ్మ ఎదురొచ్చింది. ఎవడో సుక్కిని లాక్కుపోతున్నాడు! మోపు అక్కడే పడేసింది. "ఎవడ్రా నువ్వు? నా గేదెనెక్కడికి రా?" అని ఒక చేత్తో పలుపు పట్టేసింది. జోగులు ఆవిణ్ణి తోసెయ్యడానికి ఎడంచెయ్యి ఎత్తాడు. అంతే, ఆ చేతి బొటనవేలు దొరకబుచ్చుకుంది.

ఇరవై ఏళ్ళు పాలు పితికిన పిడికిలి అది. ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకోలేదు. పట్టింది, వెనక్కి విరిచింది. విరుస్తూ మీదికి నడిచింది. జోగులు చెయ్యి లాగాడు. లాగితే ఇంకా విరిగేలా ఉంది. తన్నబోయాడు. కాలెత్తితే వేలు పోయేలా ఉంది. వాడు మోకాళ్ళ మీద కూలబడిపోయి, "అమ్మా! అమ్మా! సచ్చానే!" అని రెండోచేత్తో నేలని టపటపా కొట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వచ్చారు మన వీరులు, తలగడతో సహా.

"తట్టాడు!" అని కేకేశాడు పైడయ్య. "అన్నయ్యా, తట్టాడు! రెండుసార్లు!"

"వదిలెయ్యవే!" అన్నాడు గవరయ్య.

"వదలను! దొంగయ్యా వీడు!"

"ఎవడైతేనేం? తట్టినా వదలనివాడు మనిషి కాడు. వదులు వదినా, పరువు పోతుంది!" అని నూకరాజు ఒక భుజం, పైడయ్య ఒక భుజం పట్టుకుని ఆవిణ్ణి లాగేశారు. వేలు జారిపోయింది. జోగులు లేచి, చెయ్యి చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

పలుపు మాత్రం దేముడమ్మ వదల్లేదు. సుక్కి మెడ వాటేసుకుని వీధిలోనే భోరుమంది. "నా బిడ్డనెత్తుకుపోయేవాణ్ణి నేను పట్టుకుంటే, మీరు నన్ను పట్టుకుంటారా? నలభై రోజులు దీని పాలు పోసి నేర్పించింది ఇందుకా?"

గవరయ్య మొహం చిన్నబోయింది. "ఏడవకే. వాణ్ణి పట్టుకొస్తాం," అని తమ్ముళ్ళతో కలిసి పరుగు తీశాడు. నిజం చెప్తున్నాను, పెళ్ళయ్యాక మొదటిసారి దేముడమ్మకి మొగుడి మీద ఆశ పుట్టింది. గుమ్మంలో దారివంకే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలకముందే తిరిగొచ్చారు. జోగుల్ని పట్టుకొచ్చారు కూడా! కానీ వాడి మెడలో చేమంతి దండ ఉంది. నూకరాజు వాడి చెప్పులు మోస్తున్నాడు. పైడయ్య గొడుగు పట్టాడు. తెరిచి మరీ పట్టాడండీ, మొదటిసారి!

"కాళ్ళకి నీళ్ళివ్వవే," అన్నాడు గవరయ్య. "గురువుగారొచ్చారు."

"ఈడు గేదెల దొంగయ్యా!"

"తెలుసే. మా పన్నెండు పట్లూ ఈయన ఎడంచేతి ముందు ఎందుకూ పనికిరాలేదు. అంత విద్య ఉన్నాయన్ని వదులుకుంటామేటి? కాలవ గట్టున వేలు తడుపుకుంటూ కూర్చుంటే కాళ్ళ మీద పడి బతిమాలి తెచ్చాం."

కాళ్ళ మీద పడినప్పుడు జోగులు తంతారనుకున్నాడు. నేర్పమంటున్నారని తెలిశాక, సుక్కి పొదుగు గుర్తొచ్చింది. వచ్చేశాడు. దేముడమ్మ పడుకునే మంచం మీద కాళ్ళు చాపుకుని, ఆవిడ పితికిన పాలు తాగి, బొటనవేలికి పసుపు కట్టించుకున్నాడు. ఆ రాత్రి ఆవిడ సుక్కి పలుపు తన నడుముకి కట్టుకుని పశువుల శాలలోనే పడుకుంది.

మర్నాడు తెల్లారగానే పెరట్లో పాఠం మొదలైంది. జోగులు రాత్రి పడుకునే ఆలోచించి పెట్టుకున్నాడు. ఆవిడ పాలు పొయ్యడానికి పాల కేంద్రానికి వెళ్తుంది కదా, అప్పుడు కుడిచేత్తో పలుపు పట్టుకుని నడిచిపోవాలి. దానికి తగ్గ పాఠమే చెప్పాడు.

"ముందు, పాత మాస్టారు చెప్పిందంతా మర్చిపోండి. మర్చిపోయారా?"

"మర్చిపోయాం మాస్టారూ!"

"శత్రువు ఎడంచేత్తోనే వస్తాడు. ఎడంచెయ్యి ముందుకి చాపితే, ముగ్గురూ మీదపడి విరిచి పట్టెయ్యండి. కుడిచెయ్యి సంగతి మీకొద్దు. కుడిచేత్తో మీ కళ్ళెదుట ఏం పట్టుకుపోయినా, ఎవరెంత అరిచినా, మీరు కూర్చున్నచోటు నుంచి కదలకూడదు."

"మరి వదలడం ఎప్పుడండీ?" అని అడిగాడు పైడయ్య. వాడికి అదొక్కటే పట్టింపు.

"అది రేపటి పాఠం," అన్నాడు జోగులు. రేపటికి తను ఏ సంతలో ఉంటాడో వాడికే తెలుసు.

శాలలో దేముడమ్మ కుడితి కలుపుతూ అంతా విన్నది. ముగ్గురి మొహాలూ ఒకసారి చూసింది. కుడితి సుక్కి ముందు పెట్టి, అది తాగేదాకా దాని గంగడోలు నిమిరింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి రెండు చీరలు మూట కట్టుకుని, పాల తపేలా చంకన పెట్టుకుని వచ్చింది. పలుపు విప్పి, కుడిచేతికి రెండు చుట్లు చుట్టుకుంది. ఆవిడ అక్క పక్కూళ్ళో ఉంది. నడిచిపోతే పూట పట్టదు.

పెరటి మధ్యనుంచే, నలుగురి ముందునుంచే, సుక్కిని నడిపించుకుంటూ బయల్దేరింది.

"అన్నయ్యా, వదిన గేదెని తోలుకుపోతోంది," అన్నాడు నూకరాజు.

"ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

"అయితే మనకెందుకు? కదలకు."

జోగులు గబుక్కున లేచాడు. దేముడమ్మ ఆగి, వెనక్కి తిరిగి, తన బొటనవేలు మెల్లిగా ఒకసారి వంచి చూపించింది. వాడు మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ గడప దాటింది. సుక్కి దాటింది. వాడిక ఉండబట్టలేకపోయాడు.

"ఓరి మీ తెలివి తగలెయ్యా! చూస్తారేంట్రా? గేదె పోతోంది! అదిగో! పట్టుకోండి!" అని అరుస్తూ, వీధివైపు చెయ్యి బారున చాపి చూపించాడు.

వాడిది ఎడంచేతివాటం కదండీ.

ఇంకేముంది! ముగ్గురూ ఒక్కసారే లేచి మీద పడ్డారు. గవరయ్య మణికట్టు పట్టాడు, నూకరాజు మోచెయ్యి పట్టాడు, పైడయ్యకి చోటు దొరక్క ఆ పసుపు కట్టిన బొటనవేలు పట్టాడు. జోగులు ఈసారి ఎటు పడాలో అడగలేదు. బోర్లా పడ్డాడు. ముగ్గురూ వాడి వీపు మీద కుదురుగా కూర్చున్నారు.

"వదలండ్రా బాబూ! సచ్చిపోతున్నాను! మీ కాళ్ళు మొక్కుతా, వదలండి!" అని వాడు ఊరు అదిరేలా కేకలు పెట్టాడు. ఆ కేకలు దేముడమ్మకి వీధి మొగదాకా వినిపించాయి. ఆవిడ వెనక్కి తిరగలేదు, నడక కూడా తగ్గించలేదు.

గవరయ్య మాత్రం గురువుగారి తల నిమురుతూ ఓదార్చాడు. "వదలడం రేపటి పాఠం కదా మాస్టారూ. రేపటిదాకా ఓపిక పట్టండి."